నీలం తిరిగిన ఇరుసు

బంటుమిల్లి రోడ్డులో రొయ్యల లారీ కాలవలో పడింది డ్రైవరు కునుకు తీయడం వల్లేనని ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ఆ లారీ ముందు చక్రం విప్పి బిగించిన మెకానిక్‌ని నేనే.

చెరువు గట్ల మీద ఉప్పునీళ్లలో తిరిగే బళ్లకు బేరింగులు తొందరగా తుప్పెక్కి పట్టేస్తాయి. ఆ రోజు చక్రం నడిమి హబ్బు ఊడివచ్చింది గానీ, బేరింగు లోపలి రింగు ఇరుసుకి అతుక్కుపోయింది. పుల్లర్ వేసి లాగినా కదల్లేదు. డీజిలు పోసి నానబెడితే సాయంత్రానికి వచ్చేదేమో. కానీ అవతల రొయ్యలు పట్టేశారు, ఐసు కరిగిపోతోంది.

“గ్యాసు పెట్టి కోసెయ్యి బావా. ఓనరు గారు ఫోన్లో తిట్టిపోస్తున్నారు,” అన్నాడు డ్రైవరు.

“ఇరుసు కాలిందంటే బలం పోద్ది.”

“నువ్వు చూసుకుంటావులే. చక్రాలన్నీ నీ చుట్టాలేగా.”

మంటతో రింగు కోశాను. కింద ఇరుసు వేడికి నీలం తిరిగింది, సన్నటి గాటు కూడా పడింది. ఇరుసు మార్చాలని అతనికి చెప్పలేదు. గాటు మీద గ్రీజు పూసి కొత్త బేరింగు ఎక్కించాను.

కబురు విని నేను వెళ్లేసరికి లారీ కాలవలో ఒరిగి ఉంది. ముందు చక్రం ఇరుసుముక్కతో సహా గట్టు మీద పడి ఉంది. సరిగ్గా గాటు దగ్గరే విరిగింది. లారీ పడేటప్పుడు విరిగిందనుకున్నారు అందరూ. కాలు విరిగిన డ్రైవరును “నిద్రపోయావా?” అని ఓనరు అడిగాడు. అతను నా వైపు తిరిగాడు.

“బావా, అంతా సరిగ్గానే బిగించావుగా?”

“బిగించాను.”

“అయితే నాకే కన్ను అంటుకుందేమోనండీ,” అన్నాడు ఓనరుతో.

ఆ తర్వాత అతనికి ఎవరూ లారీ ఇవ్వలేదు. అతనూ అడగలేదు.