గంజి నూలు టోపీ

రిటైర్మెంటుకు ఆరు నెలలుందనగా నన్ను రాజమండ్రిలో నూలు ఇన్‌స్పెక్టరుగా వేశారు. చేనేత సంఘాలకు వచ్చే నూలును పరీక్షించడం నా పని. ఒక పౌండుకు ఎన్ని చిలపలు, అంటే ఒకే కొలత నూలు చుట్టలు, తూగితే అది ఆ నూలు నెంబరు. నెంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. కళ్లు మూసుకుని, పోగు నలిపి, నెంబరు చెప్పగలవాడు గోదావరికి అటూ ఇటూ నేనొక్కణ్ణే.

ఆ వానాకాలంలో ఆసుపత్రి నర్సు గ్రేస్ కుమారి గారు ఆఫీసుకు వచ్చారు. నెలలు నిండని పిల్లలకు టోపీ లేకపోతే ఒంట్లో వేడి నిలవదట. దానంగా వచ్చినవేమో ప్లాస్టిక్ ఊలువి. మన ఉక్కకు పసివాళ్ల నెత్తి చెమటకాయలతో పేలిపోతోంది. ఆన్‌లైన్‌లో దొరికే రసాయనాలు లేని నూలు కొనే స్తోమత తల్లులకు లేదు. వార్డులో ఒక కూలీల బిడ్డ ఉంది, రెండు అరచేతుల్లో ఇమిడేంత. ఆ పిల్ల ఇంటికెళ్లేలోగా మంచి టోపీ కావాలన్నారావిడ.

అదెంత పని అన్నాను. చీర కోశాక మగ్గానికి మిగిలే పడుగు కొసలు, అంటే నిలువు పోగుల చివరలు, రంగు వేయనివి, సంచి నిండా ఊరికే తెచ్చిచ్చాను. నూలు మీదైతే సూదులూ మీరే పట్టండని ఆవిడ వార్డు వరండాలో కూర్చోబెట్టి నాకు అల్లిక నేర్పారు. వారానికి టోపీ అయింది. బల్ల మీద పెడితే బోర్లించిన గిన్నెలా నిలబడింది.

మగ్గం మీద తెగకుండా పడుగుకు గంజి పెడతారు. ముప్ఫై ఏళ్లు చేనేత శాఖలో చేసినవాడికి అది తట్టలేదు. ఉతికితే గంజి పోయింది గానీ, కొసలు కలిపిన ముడులు పోలేదు. ఇక ఒప్పుకోవాలి: నెంబరు చెప్పే ముందు కట్ట మీది చీటీ చూసేసేవాణ్ణి.

చేనేత సంఘంలో నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టే మంగమ్మ గారు టోపీని అటూ ఇటూ తిప్పారు. "పడుగుతో పసిపిల్లకి టోపీ ఏంటండీ ఇన్‌స్పెక్టరు గారూ? అడ్డంగా నేసే పేక నూలుకి గంజుండదు కదా. కండెల్లో మిగిలింది నాలుగు పోగులు కలిపి పురెక్కించి ఇస్తాను, పట్టుకెళ్లండి."

ఆ నూలు మెత్తగా ఉంది. రెండో టోపీ దానితోనే అల్లాను. పిల్ల అది పెట్టుకునే ఇంటికెళ్లింది, నెత్తి పేలలేదు. ఇప్పుడు వార్డులో తల్లులందరూ ఆ మిగులు పేకతోనే అల్లుతున్నారు. నేను నేర్చుకున్నది ఇంతే: నూలు పరీక్షలో నెంబరుతో పాటు, అది ఎవరి ఒంటికి తగులుతుందో కూడా అడగాలి.

ఇదంతా రాసి గ్రేస్ కుమారి గారికి చూపించాను. చదివి, కళ్లజోడు తీశారు.

"మీ రెండో టోపీ మా ఆయన తలకే వదులుగా ఉందండి. ఆ పిల్ల పెట్టుకెళ్లింది వాళ్లమ్మ అల్లింది. మీ పక్కనే కూర్చుని నేర్చుకుంది, రెండు రోజుల్లో."