సోమవారం నాడు జూకి

మా ఇంట్లో వారానికి ఒక్కటే సెలవు, అది సోమవారం. నేను అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతుంటాను. శని, ఆదివారాలు వీకెండ్ బ్యాచ్‌లు, మిగతా రోజులు పొద్దున ఆరున్నరకే మొదటి క్లాసు. నేను వెళ్లేటప్పటికి మా తన్వి నిద్రలో ఉంటుంది, వచ్చేటప్పటికీ నిద్రలోనే ఉంటుంది. దానికి ఇరవై రెండు నెలలు. మధ్యాహ్నం భోజనాల వేళ వీడియో కాల్ చేస్తాను. దాంతో ఏమైందంటే, "నాన్న ఏడమ్మా?" అని అడిగితే పిల్ల ఫోన్ వైపు వేలు చూపిస్తుంది. ఎదురుగా నేను నిలబడి ఉన్నా సరే! ఎత్తుకోబోతే వాళ్లమ్మ మెడలో ముఖం దాచుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలకైనా ఇంతకంటే మర్యాద దక్కుతుంది.

అందుకే జూ. ఏనుగును చూశాక నా భుజమెక్కకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ముందురోజే ఏనుగు, జిరాఫీ, పులి బొమ్మలు కాగితాల మీద ప్రింట్ తీయించాను. "సిలబస్ తయారైందా?" అని నవ్వింది మా ఆవిడ సుధ. నవ్వితే నవ్వనీ అని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఎనిమిదీ నలభైకి బయల్దేరాం. మా సందు అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్యలో ఉంది. పంజాగుట్ట మెట్రో స్టేషన్ నాలుగు నిమిషాల నడక, అమీర్‌పేట అయితే పావుగంట. నిమిషాలు లెక్కపెట్టుకుని బతికేవాణ్ణి కాబట్టి ఎప్పుడూ దగ్గరిదే ఎక్కుతాను. సంచిలో పెరుగన్నం డబ్బా, నీళ్ల సీసా, పిల్లకు రెండు జతల బట్టలు.

రైలు నిండా ఆఫీసు జనం. టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడ జరిగి సుధకు చోటిచ్చింది. "ఏడికి పోతున్రు బిడ్డా గింత పొద్దుగాల?"

"జూకండీ."

"మంచిగైంది. మా మనవడికి సుత కోతులంటే మస్తు ఇష్టం."

అలా చేతులు చాపిందో లేదో, తన్వి ఆవిడ ఒళ్లోకి వెళ్లి కూర్చుంది. లక్డీకాపూల్‌లో ఆవిడ దిగేదాకా అక్కడే ఉంది. నాకు ఒళ్లు మండింది. ముక్కూ ముఖం తెలియని మనిషి దగ్గరికి వెళ్తుందే!

తొమ్మిదీ పావుకి ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాం. డ్రైవర్ ఖాజా భాయ్, యాభై దాటిన మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం. జూ గేటు దగ్గరికి అనగానే ఒకసారి నా ముఖంలోకి చూశాడు. ఆటో కదలగానే నేను కాగితాలు తీసి పాఠం మొదలుపెట్టాను. "ఇదిగో తన్వీ, ఇది ఏనుగు. దీనికి తొండం ఉంటుంది."

అఫ్జల్‌గంజ్ దాటాక ఖాజా భాయ్ అద్దంలోంచి, "సార్, జర ఒక్క మాట..." అన్నాడు.

"డౌట్లు చివర్లో భాయ్," అన్నాను. పదేళ్లుగా క్లాసులో అంటున్న మాట, దానంతటదే వచ్చేసింది.

పురానాపూల్ దగ్గర మళ్లీ, "సార్, ఇయాల..."

"చివర్లో అన్నా కదా!"

సుధ నా తొడ మీద గిల్లింది. "ఆయనేమన్నా మీ స్టూడెంటా ఏంటి?"

తొమ్మిదీ నలభై ఐదుకి జూ ముందు దిగాం. గేటుకు తాళం.

"ఇప్పుడు అడగొచ్చా సార్?" అన్నాడు ఖాజా భాయ్. "సోమారం జూ బంద్ ఉంటది. రెండుసార్లు చెప్పనీకి చూసిన."

వెళ్లదల్చుకున్నవాళ్లకు చెబుతున్నాను, సోమవారం వెళ్లకండి. ఆటో ఆయన నోరు తెరిస్తే కాస్త వినండి.

నేను కాగితాలు పట్టుకుని ఆ తాళం వైపే చూస్తూ నిలబడ్డాను. వచ్చే సోమవారమూ మూసే ఉంటుంది, ఆ పై సోమవారమూ అంతే. ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పిల్లకు నేను ఏనుగును చూపించలేనన్నమాట. ఏడుపొచ్చినంత పనైంది. కాగితాలు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"గంత ఫికర్ ఎందుకు సార్? మా ఇల్లు గీ పక్క గల్లీలనే. మేకలున్నయ్, కోళ్లున్నయ్. పాపకు చూపిద్దాం రండ్రి."

"మేక సిలబస్‌లో లేదు," అంది సుధ, ఆటో ఎక్కుతూ.

చిన్న వాకిలి, నాలుగు మేకలు, మంచం మీద ఖాజా భాయ్ వాళ్లమ్మ. "ఆజా బేటీ," అని పిలిచి ఇంత ఆకు ఇచ్చింది. తన్వి అమ్మ చంక దిగలేదు. పిల్లకు ధైర్యం చెబుదామని నేను గొంతుక్కూర్చుని ఆకు పెడుతున్నాను. ఇంతలో వెనక నుంచి ఒక నల్లమేక వచ్చి నా జేబులోని కాగితాలు లాగింది. నేను ఇటు లాగాను, అది అటు లాగింది. సగం ఏనుగు దాని నోట్లోకి పోయింది.

"ఇవ్వవే దొంగమొహమా!" అని అరిచాను. అది ఆ సగం మింగేసి జిరాఫీ కోసం వచ్చింది. నేను మంచం చుట్టూ పరుగు, నా వెనక అది. ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అప్పుడు వినిపించింది, తన్వి నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వడం పసిపిల్లలకు ఎవరు నేర్పుతారో! చంక దిగి, తూలుకుంటూ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పైకెత్తింది.

"నాన్నా! మ్మే!"

ఫోన్ సుధ సంచిలో ఉంది. పిల్ల చూస్తున్నది నన్నే. ఎత్తుకుని ఏడ్చేశాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. మిగిలిన పులిని ఇద్దరం కలిసి మేకకు తినిపించాం.

అక్కడే పెరుగన్నం తిని, చాయ్ తాగి, పన్నెండున్నరకు బయల్దేరాం. స్టేషన్ దగ్గర ఖాజా భాయ్ వెయిటింగ్ చార్జీ అడిగి మరీ తీసుకున్నాడు. "వచ్చే సోమారం సుత తీస్కరండ్రి సార్. మేకలకు సెలవు ఉండదు."

తిరుగు రైల్లో సీట్లు దొరికాయి. ఒక్క ఏనుగును చూడకుండా, ఉన్న బొమ్మలన్నీ మేకకు మేపి వస్తున్నాం. ఇంత మంచి సోమవారం నాకు గుర్తులేదు. తన్వి నా భుజం మీద, చొక్కా కాలర్ గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయింది.

"ఇలా ఇవ్వండి, చెయ్యి తిమ్మిరెక్కుతుంది," అంది సుధ ఎర్రమంజిల్ దగ్గర. ఇవ్వలేదు.

"పంజాగుట్ట వచ్చింది, లేవండి."

"అమీర్‌పేటలో దిగుదాం."

"అక్కణ్ణుంచి పావుగంట నడవాలండీ, ఎండలో."

"తెలుసు," అన్నాను.

తలుపులు మూసుకున్నాయి. సుధ సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.