పురిటిగదిలో బట్టీబొగ్గు

పిడుగురాళ్ల సున్నపుబట్టీల పేటలో ఆదెమ్మ ముప్పయి ఏండ్లు మంత్రసానిగా జీవించింది. అక్షరజ్ఞానం లేదు; కడుపుపై చేయి ఉంచి గర్భస్థశిశువు తల ఎటున్నదో నిర్ణయించగల నేర్పరి. ఆమె విధించిన నియమాలలో ప్రధానమైనది ఒకటి: పదకొండు దినాలు పురిటిగదిలోకి గాలి చొరరాదు. కిటికీకి గోనెపట్టా కట్టించి, మంచం ప్రక్కన పిడకల కుంపటి పెట్టించి, అందులో వేపాకూ వెల్లుల్లి పొట్టూ వేయించేది. చలిగాలి సోకితే బాలింతకు సన్నిపాతం వస్తుందని ఆమె విశ్వాసం. పేటకు అదే శాసనం.

1961 పుష్యమాసంలో బట్టీకూలీ ఐజాక్ భార్య రాహేలు మగబిడ్డను కన్నది. అంతకుముందు ఇద్దరు శిశువులు పురిటిగదిలోనే గతించారు. అందువల్ల ఐజాక్ తల్లి ధనమ్మ తలుపు సందులలో సైతం గుడ్డపీలికలు కుక్కింది. పిడకల పొగకు భార్య దగ్గుతున్నదని జాలిపడిన ఐజాక్, పొగ పోయి కణకణలాడే రాక్షసిబొగ్గును బట్టీ నుండి తెచ్చి కుంపటి నింపాడు.

మూడవనాటి ఉదయం నీళ్లు పోయడానికి వచ్చిన ఆదెమ్మకు, గదిలో అడుగిడిన కొద్దిసేపటికే కణతలు అదిరాయి. రాహేలు పిలిచినా కన్ను తెరవలేదు; ఊపిరి గొంతులోనే ఆడుతున్నది. బిడ్డ మెడ వాలిపోయింది.

“ఆ తలుపు తియ్యండి! గోనె పీకండి!”

“ఏందక్కా, మతి పోయిందా?” ధనమ్మ గడపకు అడ్డం నిలిచింది. “నా పురిటప్పుడు తలుపు సందు తీశానని నానా తిట్లూ తిట్టింది నువ్వు కాదూ?”

“తిట్టాను. ఇప్పుడు నన్ను నువ్వు తిట్టు, ముందు తప్పుకో!”

“పొగన్నా లేదు గదా! మావాడు బట్టీబొగ్గు తెచ్చాడు. చానా శుభ్రంగా కాలుద్ది.”

“ఒరేయ్ ఐజాకూ! గొడ్డునన్నా బట్టీ నోటికాడ కడతావంట్రా, ఆ బొగ్గు గాలికి చచ్చిపోద్దని తెలీదూ? లాగరా, బయటికి లాగు!”

ఐజాక్ తల్లిని ప్రక్కకు నెట్టి, భార్యను మంచంతోనే వాకిట్లోకి లాగాడు. ఆదెమ్మ శిశువు నోటిలోని చొంగను వేలితో తీసి, ఆ పెదవులపై తన పెదవులుంచి కొద్దికొద్దిగా ఊదింది. దేవుడు మొదటి మనిషిలోకి ఊపిరి ఊది ప్రాణం పోశాడని పేట ప్రార్థనామందిరంలో అందరూ విన్నవారే. ఆ క్షణాన ఎవరికీ అది స్ఫురించలేదు. కొంతసేపటికి బిడ్డ ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. మధ్యాహ్నానికి రాహేలు మంచినీళ్లడిగింది.

మాట మార్చిన మనిషిని నమ్మలేనని, తరువాతి కాన్పుకు ధనమ్మ వేరొక మంత్రసానిని కుదిర్చింది. నొప్పులు మొదలైననాడు రాహేలే నడుము పట్టుకొని ఆదెమ్మ గుడిసెకు నడిచివచ్చింది.

“అత్తా, నీ కాడే కంటా.”

ఆదెమ్మ వెంటనే లోనికి పిలువలేదు. “ముందు ఇద్దరప్పుడూ గది మూయించింది నేనేనే, రాహేలూ.”

“తెలుసు. మూడోవాణ్ణి బయటేసిందీ నువ్వే. ఇప్పుడు కబుర్లేంది, పక్క సర్దు. నావల్ల కావట్లా.”