తూచ్ లేని ఆట

మా మేడమ్ పోయారు. మంగళవారం పొద్దున మా పాప టిఫిన్ డబ్బా సర్దుతుంటే ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క లేస్తలేదమ్మా" అంది.

పిల్లల ఆటల మీద నేను చేస్తున్న పరిశోధనకు ఆమె గైడ్. సిద్దిపేట గల్లీల్లో, చిన్నకోడూరు బడి వెనకాల, ఎవరి గడప మీదో కుచ్చిళ్లు దోపుకుని కూర్చుని గంటలకొద్దీ చూసేవారు. పిల్లలకు ఒక్క చాక్లెట్ కూడా ఇవ్వనిచ్చేవారు కాదు. "ఇస్తె మనకోసం ఆడుతరు. అప్పుడు గది ఆటెట్లయితది?" అని కసిరేవారు. సెమినార్లలో ఎవరైనా ఆటలతో తెలివి పెరుగుతుందని మొదలుపెడితే చాలు, చెవులు మూసుకున్నంత పని చేసేవారు. పక్కన కూర్చున్న నాకు నవ్వాగేది కాదు.

ఆమె వెతికేది ఒక్కటే, తూచ్. ఆట మధ్యలో ఎవరైనా 'తూచ్' అంటే అంతా ఆగిపోతుంది, పట్టుబడ్డ దొంగ కూడా దొంగ కాకుండా పోతాడు. "వద్దన్నప్పుడు ఆగాలె పిల్లా. ఆగకపోతే గది ఆట గాదు" అనేవారు.

ఈ ఏడు బడులు తెరిచాక మా గల్లీలో ఒక్క ఆటే మిగిలింది, క్లాసు ఆట. స్కేలు పట్టుకున్న పిల్ల టీచర్. మిగతావాళ్లు వరుసగా కూర్చుంటారు. అరుపుల్లేవు, కొట్లాటల్లేవు. ఒకరోజు మేడమ్ మా మెట్ల మీద కూర్చుని చూస్తూ చాయ్ చల్లారబెట్టేశారు.

"దీంట్ల ఎవ్వలు తూచ్ అంటలేరు, విన్నవా? నీ బిడ్డ ఎన్నడన్న అన్నదా?"

గుర్తుచేసుకోబోయాను. ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"నాకు భయమైతుంది" అన్నారు. ఆమె నోట ఆ మాట అదే మొదటిసారి వినడం. మా పాప చెప్పినట్టు వింటుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ రోజు నుంచి ఆ మెచ్చుకోలు వింటే మాట మార్చేస్తున్నాను. పిల్లల్ని చూడటం నాకు నేర్పింది మేడమే. ఆ రుణం తీరేది కాదు. ఇప్పుడు చూడకుండా ఉండటం కూడా నా వల్ల కావడం లేదు.

దహనం అయ్యాక సాయంత్రం ఇంటికి వచ్చాను. గల్లీ ఖాళీగా ఉంది. మెట్ల మీద స్కేలు పడి ఉంది. నా కూతురు ఒక్కతే గోడకు వీపు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టు మోకాళ్లు వంచి నిలిచి ఉంది. బళ్లో వేసే గోడ కుర్చీ శిక్ష అది. కాళ్లు వణుకుతున్నాయి.

"అందరు పోయిన్రు గద బిడ్డా, లే."

"టీచర్ లెవ్వుమనలే."

"తూచ్" అన్నాను. మళ్లీ గట్టిగా అన్నాను, "తూచ్!"

పాప నావైపు చూడలేదు. "నువ్వు ఆటల లేవు గదమ్మా" అంది, జారిపోతున్న వీపును గోడకు ఇంకా గట్టిగా అదుముకుంటూ.