నిండు పక్కన పెట్టిన చుక్క

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది కాలంలో ప్రభుత్వం కొత్తది, మేము కొత్తవాళ్ళం, కాగితాలు మాత్రం మద్రాసు నుంచి వచ్చిన పాతవి. ఒక పక్క తమిళంలో అచ్చయిన ఫారాలను తిరగేసి, రెండో పక్క తెలుగులో గళ్ళు గీసుకుని వాడుకునేవాళ్ళం. నా అంత తిన్నగా గీత గీసేవాడు తాలూకా మొత్తంలో లేడని నాకు పేరు. (ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నాను. డైరీలో రాసుకున్నాను కూడా.) పద్నాలుగో ఏట మొదలుపెట్టి నేటి వరకు ఒక్క రోజు కూడా డైరీ మానని మనిషిని నేను. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, లోకం దానంతట అదే బాగుపడుతుందని గట్టిగా నమ్మిన వయసది. ఆ నమ్మకం ఒక ఫారంలోని గోరంత గడిలో ఇరుక్కుని ఎలా చచ్చిందో ఇప్పుడు చెబుతాను.

మాది ప్రొద్దుటూరు. గ్రామసేవకుడిగా ఉద్యోగం వచ్చాక జమ్మలమడుగులో ఒక గది తీసుకుని, పులివెందుల దిక్కుకు పోయే దారిలోని కొన్ని పల్లెలు చూసుకునేవాణ్ణి. రెండేళ్ళుగా వానలు లేవు. అప్పుడు పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. ప్రతి ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, ప్రజలకు ఏమేమి అవసరమో అడిగి ఫారాల్లో నింపాలి. వాటిని చూసి గంజి కేంద్రం ఎక్కడ పెట్టాలో తేలుస్తారు. నా పల్లెలకూ, పక్క గ్రామసేవకుడి పల్లెలకూ కలిపి కేంద్రం ఒక్కటే. ఈ పనికి ముందు ప్రొద్దుటూరులో మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. శిక్షణ ఇచ్చిన పెద్దమనిషి మూడు రోజులూ ఒకే మాట చెప్పాడు: ప్రజలు చెప్పిన మాట చెప్పినట్టే రాయండి, అందులో మీ తెలివి కలపకండి. ఆ వాక్యం డైరీలో రాసుకుని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను.

ఆ కేంద్రం ఏ ఊరికి రావాలో నేను అడగకముందే నాకు తెలుసు. ఆ ఊరి పేరు రాయను. నలభై ఒక్క ఇళ్ళు. పశువులను ఎప్పుడో సంతకు తోలేశారు. మగవాళ్ళలో సగం మంది ఎర్రగుంట్ల అవతల నాపరాళ్ళ గనులకు పోయారు. వీధి చివర ఇంట్లో ఉండే ముసలామెను అందరూ మూలింటవ్వ అనేవాళ్ళు. ఆమె కొడుకు కూడా గనులకే పోయాడు. ఇంట్లో ఆమె, ఎనిమిదో నెల కోడలు. నేను మొదట ఆ గడపే ఎక్కాను. పేరు, వయసు, కుటుంబంలో ఎందరు అన్నీ రాసుకుని, 'ధాన్యం నిల్వ' అనే గడి దగ్గరికి వచ్చాను. దాని కింద మూడు మాటలు ఉండేవి: నిండు, సగం, లేదు. ఏదో ఒకటి పక్క గడిలో రాయాలి.

"జొన్నలు నిండుకున్యాయప్పా," అంది అవ్వ.

నేనూ తెలుగు తల్లి కడుపున పుట్టినవాణ్ణే. డబ్బా అడుగు తగిలిన రోజు మా అమ్మ అనేదీ అదే మాట. ఇంటికి అన్నం పెట్టే దినుసును లేదు అనకూడదు, అయిపోయింది అనకూడదు, నిండుకుంది అనాలి. అవ్వ ఇంట్లో గింజ లేదని నాకు స్పష్టంగా అర్థమైంది. కానీ చెప్పిన మాట చెప్పినట్టే రాయాలి కదా. ఎర్ర సిరాతో రెండు గీతలు కూడా గీసుకున్నాను. తీరా చూస్తే గడి గోరంత. 'నిండుకున్నాయి' అని అందులో పట్టదు. అప్పుడు నేను నా జీవితంలోనే అతి తెలివైన పని చేశాను. 'నిండు' అని రాసి, పక్కన ఒక చుక్క పెట్టాను. చుక్క ఉన్నచోట మాట కుదించి రాసినట్టు అర్థం చేసుకోవాలని మొదటి కాగితం అంచున ముత్యాల్లాంటి అక్షరాలతో వివరణ కూడా ఇచ్చాను. ఆ ఊళ్ళో ముప్పై ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళు నాతో ఆ మాటే అన్నారు. ముప్పై ఎనిమిది చుక్కలు పెట్టాను. అన్నీ ఒకే సైజులో వచ్చాయి.

మిగిలిన మూడిళ్ళు ఊరంతా పెద్దింటి మామ అని పిలిచే ఆసామివీ, ఆయన తమ్ముళ్ళిద్దరివీ. ఊరి భూమిలో ముప్పాతిక వాళ్ళదే. మామ నన్ను మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆ మంచం కిందే జొన్నల పాతర ఉందని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ సర్కారు మనిషి ధాన్యం లెక్క అడిగితే ధాన్యం పట్టుకుపోయే లెవీ గుర్తొస్తుంది ఎవరికైనా. "ఏముండాయప్పా, ఒక్క గింజ ల్యా. రాసుకో. బాగా కనపడేటట్టు రాసుకో," అన్నాడు. తమ్ముళ్ళూ అంతే. ముగ్గురికీ 'లేదు' అని రాశాను. ఆ మాట గడిలో హాయిగా పట్టింది, చుక్క అవసరం లేకపోయింది. ఆ రోజు డైరీలో 'పని సంతృప్తికరం' అని ఉంది.

ఫలితం మూడు వారాలకు వచ్చింది. ఆ ఊళ్ళో ముప్పై ఎనిమిది ఇళ్ళలో ధాన్యం నిండుగా ఉంది, మూడిళ్ళలో బొత్తిగా లేదు, కాబట్టి గంజి కేంద్రం అవసరం లేదు, ఆ మూడు నిరుపేద కుటుంబాలకు మాత్రం ఇంటికో మూట జొన్నలు ఇవ్వవలసింది అని తేల్చారు. మూటలు తెచ్చిన బండి పెద్దింటి ముందు ఆగడం నేను కళ్ళారా చూశాను. మామ నన్ను చూసి కాస్త నొచ్చుకున్నాడు. "గవర్నమెంటోళ్ళు కదప్పా, వద్దంటే ఏమనుకుంటారో," అని మూటలు లోపలికి మోయించాడు. గంజి కేంద్రం నాలుగు మైళ్ళ అవతల పక్క గ్రామసేవకుడి ఊరికి పోయింది. ఆయన ఇళ్ళకు పోకుండా టీ హోటల్లో కూర్చుని అన్ని గళ్ళలోనూ వంకర అక్షరాలతో 'లేదు' అని నింపేశాడు. (తర్వాత ఆయనకు నాకంటే ముందు ప్రమోషన్ వచ్చింది.)

ఆఫీసుకు పరుగెత్తి నా ఫారాలు తీయించి చూశాను. లెక్క కట్టిన గుమస్తా తప్పేమీ లేదు. నా వివరణ ఉన్న అంచు మీదే ఫైలు తాడు కోసం చిల్లు పొడిచారు. 'చుక్క ఉన్నచోట' వరకు మిగిలింది, తర్వాతదంతా చిల్లులో పోయింది.

కరువు సాయం చూసే అధికారి అప్పుడు పులివెందుల ముసాఫరు బంగళాలో మకాం ఉన్నాడు. బస్సెక్కి అక్కడికి పోయాను. ఆయన అరవదేశం మనిషి. రాష్ట్రాలు విడిపోయినా ఇక్కడే ఉండిపోయి, నిఘంటువు దగ్గర పెట్టుకుని తెలుగు నేర్చుకున్న సజ్జనుడు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. నిఘంటువు తీసి 'నిండు' దగ్గర వేలు పెట్టి చూపించాడు. నేను మళ్ళీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ధాన్యము లేనివారు నిండు అందురు. మరి ధాన్యము ఉన్నవారు ఏమందురు?" అని అడిగాడు.

"లేదంటారు సార్," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నా మొహం చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగాడు. చివరికి, తానే వచ్చి ఒక ఇల్లు విచారిస్తానన్నాడు. అంతకంటే ఏం కావాలి? ఒక్క ఇల్లు తేలితే మిగతావన్నీ తేలినట్టే. తిరుగు బస్సులో ఊళ్ళో గంజి పొయ్యి ఎక్కడ పెట్టించాలా అని స్థలం కూడా ఆలోచించాను.

మరునాటి సాయంత్రం జీపు వచ్చింది. ఆయనను నేరుగా మూలింటికే తీసుకుపోయాను. ఊరంతా వెంట వచ్చింది. అవ్వ అప్పుడే దీపం వెలిగిస్తూ ఉంది. నా పాపం పండే గడియ అని తెలియక, నేనే ముందుకు దూకి, "అవ్వా, దొరగారు అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాను. ఆయన ఎంతో మర్యాదగా, "అమ్మా, మీ గృహమందు జొన్నలు ఉన్నవా?" అన్నాడు.

"నిండుకున్యాయి సామీ."

ఆయన నా వైపు తిరిగాడు. నేను ఊరందరి ముందూ చేతులు జోడించాను. ఒక్కసారి, ఈ ఒక్కసారికి, లేవు అనమని అవ్వను బతిమాలాను. ఆ మాట అంటే ఊళ్ళోనే గంజి పొయ్యి వెలుగుతుందని, కోడలు నడవాల్సిన పని ఉండదని చెప్పాను. ఆమె దీపం వైపు చూసింది, గోడకు ఆనుకుని కూర్చున్న కోడలి వైపు చూసింది.

"ఉండే ఇండ్లోళ్ళకేమప్పా, ఎన్నిసార్లయినా అంటారు ఆ మాట. మేమంటే అది ఈడే కూచ్చుంటాది. పురిటి మనిషి ఉండే ఇల్లు. నా నోట రాదు," అంది.

నాకు మిగిలింది కాగు ఒక్కటే, అంటే జొన్నలు పోసుకునే పెద్ద కుండ. అందులో చెయ్యి పెట్టి చూడండి సార్ అని ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన పాపం బూట్లు విప్పి, లోపలికి వంగి వచ్చి, చొక్కా చెయ్యి మడిచి, భుజం దాకా కాగులోకి దించాడు. చెయ్యి బయటికి వచ్చింది. గుప్పిట్లో జొన్నలున్నాయి.

"ఉన్నవే," అన్నాడు ఆయన.

"అవి తినేటివి కాదు సామీ, కుండవి," అంది అవ్వ.

ఖాళీ కాగును ఇంట్లో పెట్టుకోకూడదని ఒక గుప్పెడు అడుగున వదిలేస్తారు. కడుపు మాడినా వాటి జోలికి పోరు. ఈ సంగతి వివరించే ఓపిక నాకు లేదు, వినే ఓపిక ఆయనకూ లేదు. గింజలను జాగ్రత్తగా మళ్ళీ కాగులో పోసి, చేతులు దులుపుకుని, నోటుబుక్కులో 'స్వయముగా పరిశీలించితిని, నిల్వ ఉన్నది' అని రాసుకున్నాడు. ఆయనను ఏమనగలను? చూసింది చూసినట్టే రాశాడు.

ఆ వేసవంతా ఊరు పొద్దున్నే గిన్నెలు పట్టుకుని నాలుగు మైళ్ళు నడిచి పోయి, నాలుగు మైళ్ళు నడిచి వచ్చేది. తాగిన గంజి తిరుగు దారికే సరిపోయేది. ఇంటికి పట్టుకుపోవడం నిబంధనలకు విరుద్ధం. ఎవరి గంజి వాళ్ళు అక్కడే తాగి రిజిస్టరులో వేలిముద్ర వేయాలి. మూలింటవ్వ కోడలు మాత్రం నడవలేదు. అవ్వ తన వంతు సగం తాగి, మిగతాది కొంగు చాటున పెట్టుకుంటే రెండుసార్లు పట్టుకున్నారు. నేను దోవలో ఎదురై తప్పించుకుపోబోతే నన్ను పిలిచి, "నువ్వేం తప్పు రాయలేదులే అప్పా, నేను చెప్పిందే రాసినావు," అంది. తిట్టి ఉంటే బాగుండేదని ఆ రోజు డైరీలో ఉంది.

మర్నాటి నుంచి జమ్మలమడుగులో తెల్లవారకముందే లేచి, సైకిలు మీద ఆ కేంద్రానికి పోయి వరుసలో నిలబడ్డాను. పంచేవాడు పేరు అడిగితే నా పేరే చెప్పాను. వృత్తి అడిగితే, అబద్ధం రాయించడం అప్పటికింకా చేతగాక, గ్రామసేవకుడు అన్నాను. వాడు తల ఎత్తకుండానే రాసుకున్నాడు. చెంబులో గంజి పోయించుకుని, తాగినట్టుగా చెట్టు చాటుకు పోయి, మూత బిగించి హ్యాండిలుకు తగిలించుకుని మూలింటికి తొక్కేవాణ్ణి. దోవలో కొంత నా పంచె మీద ఒలికేది, కొంత కోడలికి చేరేది. ఆమెకు ఆడపిల్ల పుట్టేదాకా అలా నెల పైన గడిచింది. బిడ్డ పిడికెడంత ఉంది గాని గట్టిగానే ఏడ్చింది. మిగతా ముప్పై ఏడు ఇళ్ళకు నేను చేయగలిగింది ఏమీ లేదు, చేసిందీ లేదు.

రిజిస్టర్లు తనిఖీ చేసిన పుణ్యాత్ముడెవరో నా పేరు పట్టుకున్నాడు. ప్రభుత్వ జీతం తీసుకునే మనిషి నిరుపేదల గంజి ఇన్ని రోజులు ఎందుకు తాగాడో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. నిజం రాస్తే గంజి బయటికి పోయిన సంగతి తేలి, పంచేవాడి ఉద్యోగం, అవ్వ వంతు రెండూ పోతాయి. జీవితంలో మొదటిసారి నిండా అబద్ధం రాశాను: ఆకలికి తట్టుకోలేక తాగితిని, క్షమించవలెను. గడి పెద్దదే ఇచ్చారు, మాటలన్నీ పూర్తిగా పట్టాయి. మందలించి వదిలేశారు. ఆ మందలింపు నా సర్వీసు రిజిస్టరుకెక్కింది.

పదవీ విరమణ నాడు కాగితాలు సరిచూస్తూ ఒక కుర్ర గుమస్తా ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు. గొంతు తగ్గించి, "ఏంది సార్, మీరు గంజి కేంద్రంలో తాగినారా?" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల కాగితాల్లో చుక్కలూ కామాలూ దిద్దుతూ బతికిన నేను, దాన్ని దిద్దుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని తల ఊపాను. వాడు నన్ను పైనుంచి కిందికి చాలాసేపు చూసి, బయటికి పోయి టీతో పాటు నా ఒక్కడికే నాలుగు బిస్కెట్లు పట్టుకొచ్చాడు. నాలుగూ తిన్నాను.