చియో ఆంటీ కుట్టిన తలంబ్రాల చీర

పోయిన వారం నా కోటు తెచ్చుకోవడానికి డ్రైక్లీనర్ దగ్గరికి వెళ్ళాను. కౌంటర్ వెనక ఇస్త్రీబల్ల మీద ఎవరిదో పట్టుచీర పరిచి ఆవిరి పెడుతున్నారు. తడి పట్టుకి వేడి ఆవిరి తగలగానే, తడిసిన జుట్టు వాసన లాంటిది ఒకటి లేస్తుంది. అది ముక్కుకి తగిలాక నా వంతు వచ్చినా కదలలేకపోయాను. వెనకనున్నాయన "సర్, మీరే" అని రెండుసార్లు అనాల్సి వచ్చింది. కోటు తీసుకుని కార్లో కూర్చున్నాను. చాలాసేపు స్టార్ట్ చేయలేదు.

ఆ వాసన నాకు చియో ఆంటీ దుకాణంలో పరిచయం. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో, మా కాలపు తెలుగువాళ్ళకి ఆమె గురించి తెలిసింది ఒక్కటే: "పెళ్ళినాటి చీర కోసేసిన జపానావిడ." విందుల్లో, పిక్నిక్కుల్లో నవ్వుతూ చెప్పుకునే కథ అది. చెప్పినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు విన్నదే చెప్పారు. మొదట చెప్పింది నేను. అది అబద్ధం. ఆ సంగతి నా పేరుతో రాసి పెట్టాలనే ఈ ప్రయత్నం.

ఎనభైల మధ్యలో మాట. నాకు పదిహేడేళ్ళు. కొత్తగా లైసెన్స్ రావడంతో అమ్మ బయటి పనులన్నీ నాకే పడ్డాయి. మేము పప్పులు, బియ్యం కొనుక్కునే ఇండియన్ షాపు పక్కన, లాండ్రీకీ డోనట్ల కొట్టుకీ మధ్య చియో ఆంటీ కుట్టు దుకాణం. బోర్డు మీద 'ఆల్టరేషన్స్' అన్న ఒక్క మాటే ఉండేది. మొదట్లో మావాళ్ళు ప్యాంట్ల అంచులు మడిపించుకోవడానికే వెళ్ళేవాళ్ళు. ఒకసారి అమ్మ స్నేహితురాలు వసంత ఆంటీ ధైర్యం చేసి ఒక పాత జాకెట్టు ఇచ్చి, ఇలాంటిదే కావాలంది. చియో ఆంటీ దాని కుట్లన్నీ విప్పి, ముక్కలు బల్ల మీద పరిచి, కాగితం మీద గీసుకుని, పాతదాన్ని మళ్ళీ ఎలా ఉన్నదో అలా కుట్టేసి, పక్కన కొత్తది పెట్టి ఇచ్చింది. "చంక దగ్గర ఒక్క ముడత లేదే లలితా! తెనాలిలో మా టైలర్‌కి కూడా చేతకాలేదమ్మా ఈ ఫిట్టింగ్" అని వసంత ఆంటీ మా అమ్మతో మొదలుపెట్టి అందరికీ ఫోన్లు చేసింది. ఆర్నెల్లు తిరిగేసరికి చుట్టుపక్కల తెలుగిళ్ళ జాకెట్లు, ఫాల్స్ అన్నీ అక్కడికే చేరాయి. ఆమె బతుకు మావాళ్ళ మీదే నడిచింది అనడం అతిశయోక్తి కాదు. పెళ్ళి చేసుకుని టోక్యో నుంచి తీసుకొచ్చిన అమెరికన్ సైనికుడు రెండేళ్ళకే ఎటో వెళ్ళిపోయాడట. ఆమె ఆ మాట వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆమెకి నలభై లోపే. మణికట్టుకి గుండుసూదుల దిండు కట్టుకుని, ఎప్పుడూ నల్లబట్టల్లో ఉండేది. ఇంగ్లీషు పొట్టి పొట్టి ముక్కల్లో మాట్లాడేది. ఒకరోజు నేను జాకెట్ల సంచి కౌంటర్ మీద పెడుతుంటే నా కాలర్ వంక చూసింది.

"ఈ చొక్కా ఎవరు ఎంచారు?"

"మా నాన్న."

"ప్యాంటు?"

"నాన్నే."

"మరి నువ్వు ఎంచిందేది?"

"బూట్లు" అన్నాను. నిజానికి అవీ నాన్న కొన్నవే. ఆమె వాటి వంక ఒకసారి చూసి, "అబద్ధం" అంది. ఇద్దరం నవ్వాం. మెడదాకా బొత్తాలు పెట్టిన గళ్ళ చొక్కాతో, గోధుమరంగు ప్యాంటుతో తిరిగే నన్ను స్కూల్లో 'సబ్‌స్టిట్యూట్ టీచర్' అని పిలిచేవాళ్ళు. ఆ సంగతి నేను మొదట చెప్పుకున్నది ఆమెకే.

ఆమె మిషన్ పైన గోడకి ఒక ఫోటో గుచ్చి ఉండేది. కార్లు లేని వెడల్పాటి రోడ్డు. నడి రోడ్డు మీద గుండ్రంగా నిలబడి ఆడుతున్న పిల్లలు. వాళ్ళ మధ్య నేల మీద ఒక క్యాసెట్ ప్లేయర్. ఆడా మగా తేడా లేకుండా అందరివీ గులాబీ, ఊదా, ఎరుపు పట్టుబట్టలే. చీలమండ దగ్గర బిగించిన వదులు పైజామాలు, మోకాళ్ళ దాకా దిగిన పొడుగు చేతుల అంగీలు, మెడనిండా పూసలు, కాళ్ళకి నల్లటి గుడ్డ చెప్పులు. ఆదివారం ఆదివారం టోక్యోలో హరాజుకు అనే పేట వీధిలో కార్లు ఆపేసేవారట. అప్పుడు ఇలా చేరేవాళ్ళని జనం 'వెదురు మొలకలు' అనేవారట. టోక్యోలో ఆ బట్టలు అమ్మే ఒక కొట్టుకి వెనకగదిలో కూర్చుని కుట్టినవాళ్ళలో చియో ఆంటీ ఒకతె.

"వీడు నా తమ్ముడు" అని ఊదారంగు అంగీలో ఉన్న కుర్రాడిని వేలితో చూపించింది. "నూడుల్స్ హోటల్లో గిన్నెలు కడిగేవాడు. వారమంతా ఎవరికో సారీ చెబుతున్నట్టు నడిచేవాడు. ఆదివారం బట్టలు సంచిలో పెట్టుకుని రైలెక్కి, స్టేషన్ బాత్‌రూమ్‌లో మార్చుకునేవాడు. అప్పుడు చూడాలి వాడి నడక."

"ఎవరు గెలిచేవాళ్ళు?" అని అడిగాను. అలాంటి బట్టలంటే పోటీ ఏదో ఉంటుందనుకున్నాను.

"ఎవరూ గెలవరు. అందుకే వచ్చేవాళ్ళు."

ఆ తర్వాత పని లేకపోయినా వెళ్ళేవాణ్ణి. ఏ బట్టనైనా ముందు తిరగేసి లోపలి కుట్టు చూడమనేది. బయట అందరూ జాగ్రత్తగానే కుడతారు, కుట్టినవాళ్ళ మనసు లోపల తెలుస్తుంది అనేది. ఇప్పటికీ నేను చొక్కా కొనేముందు తిరగేసి చూస్తాను. ఒకరోజు ధైర్యం చేసి, ఆ ఫోటోలో ఉన్నలాంటిది నాకూ ఒకటి కుడతావా అని అడిగాను. గుడ్డ తెచ్చుకోమంది.

అమ్మ సూట్‌కేసు అడుగున, పాత తువ్వాల్లో చుట్టిన తెల్లటి పట్టుచీర ఒకటి ఉండేది. ఎర్రంచు. అమ్మ దాన్ని కట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. విప్పితే ఒళ్ళంతా పసుపు మరకలు. నాలుగేళ్ళప్పుడు ఈ దేశం వచ్చినవాణ్ణి. పెళ్ళిలో వధూవరులు ఒకరి తలమీద ఒకరు పసుపు కలిపిన బియ్యం పోసుకుంటారని, ఆ తలంబ్రాలు పడి మరకలైన చీరని ఉతక్కుండా దాచుకుంటారని నాకెవరూ చెప్పలేదు. ఏదో విందులో కూర ఒలికి పాడైపోయిందనుకున్నాను. అడిగితే తెలిసేది. అడిగితే ఎందుకో చెప్పాలి. అడగలేదు.

చియో ఆంటీ ఒక మూల మరక మీద సబ్బునీళ్ళ చుక్క వేసింది. పసుపు చప్పున ఎర్రబడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది మురికి కాదు. ఏమిటిది?"

"కూర."

"మీ అమ్మని అడిగావా?"

"అడిగాను. పారేద్దామనుకుంటోంది."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. బూట్ల విషయంలో అన్నట్టు ఈసారి "అబద్ధం" అనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ ఆలోచిస్తాను. బహుశా నన్ను నమ్మాలనుకుంది.

మూడు వారాలు పట్టింది. ఎర్రంచుని చేతుల చివరా, చీలమండల దగ్గరా వేసింది. మరకలు దాచమన్నాను. వినలేదు. వాటిని ఏరి ఏరి ఛాతీ మీదికి వచ్చేలా కోసింది. "ఈ గుడ్డలో ఎవరో సంతోషంగా ఉన్నారు. దాన్ని వెనక పెట్టకూడదు" అంది. తొడుక్కుని ఆమె అద్దం ముందు నిలబడ్డప్పుడు నా భుజాలు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. ఆవిరి పెట్టిన వేడి ఇంకా గుడ్డలో ఉంది. ఆమె గుండుసూదులు నోట్లో పెట్టుకునే నవ్వింది.

ఉగాది కార్యక్రమంలో విచిత్ర వేషధారణ పోటీ ఉందని, దానికి వేసుకెళ్తానని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. "పోటీకి వద్దు. మామూలు రోజు వేసుకో. షాపుకి వెళ్ళు, పాలు కొనుక్కురా" అంది. నాకంత ధైర్యం లేదు. వేషమంటే ఎవరేమన్నా తప్పించుకోవచ్చు. ఊరికే వేసుకుంటే అది నేనే అవుతాను.

స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకుని చేసిన ఉగాది అది. నాకు ముందు ఒక చిన్న సోదెమ్మ, ఒక రైతు, మీసం ఊడిపోయి ఏడుస్తున్న ఒక పోలీసు. మైకు పట్టుకున్న రమణ అంకుల్ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇదెవరి వేషం మురళీ? చైనా రాజా? సర్కస్సా?"

హాలంతా నవ్వింది. "జపాన్" అన్నాను. ఇంకా నవ్వారు. "జపాన్ రాజుగారు భోంచేసి చేతులు కడుక్కోలేదండోయ్, మరకలు చూడండి!" అన్నాడు అంకుల్. ఆ నవ్వుల్లోంచి మూడో వరసలో అమ్మ లేచి నిలబడటం కనిపించింది. ఆమె నవ్వడం లేదు.

స్టేజి మెట్ల దగ్గరే పట్టుకుంది. చుట్టూ వసంత ఆంటీ, ఇంకో నలుగురు. అమ్మ ఛాతీ మీది మరకని వేలితో తాకింది. "ఒరే, ఇది నా తలంబ్రాల చీర రా" అంది. "ఎవరు కోశారు?"

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. 'నేనే' అనాల్సిన చోట నోరు ఇంకొకటి అంది.

"ఫాల్ మార్పించి నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని ఇచ్చానమ్మా. ఆ చియో ఆంటీ పొరపాటున కట్ చేసేసింది. పాడైపోయింది కదా అని ఇలా కుట్టి ఇచ్చింది."

"అయ్యో, ఆవిడకేం తెలుసమ్మా మన తలంబ్రాలూ అవీ! జాకెట్టు ముక్క అనుకుని ఉంటుంది" అంది వసంత ఆంటీ. "నా కంచిపట్టు కూడా అక్కడే ఉంది తల్లోయ్, రేపే తెచ్చేసుకోవాలి."

మర్నాడు అమ్మ నన్ను దుకాణానికి తీసుకెళ్ళింది. ఆ బట్టల మడత కౌంటర్ మీద పెట్టి, నేను చెప్పిందంతా ఇంగ్లీషులో చెప్పింది. చియో ఆంటీ విని, నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు" అంది. అంతే.

నేను నేలవంక చూస్తూ, "ఫాల్ కోసమే ఇచ్చాను" అన్నాను.

ఆమె కౌంటర్ చుట్టూ నడిచి వచ్చి, మా అమ్మ ముందు నడుము వంచి నిలబడింది. "గుడ్డకి సారీ. ఆ గుర్తులు నేను చూశాను. మిమ్మల్నే అడగాల్సింది. అడగలేదు. అది నా తప్పు." ఆమె ఒప్పుకున్నది ఆ ఒక్కటే. నేను చెప్పినదాన్ని అవునని గానీ కాదని గానీ అనలేదు. కానీ అమ్మతో వచ్చిన వసంత ఆంటీ బయటికి రాగానే, "చూశావా, తనే ఒప్పుకుంది" అంది. ఆ సాయంత్రానికి ఆ మాట అన్ని ఇళ్ళకీ చేరింది.

జాకెట్లన్నీ వెనక్కి వచ్చేశాయి. కొందరు సగం కుట్టినవి కూడా తెచ్చేసుకున్నారు. వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ షాపుల ముందు సిగ్నల్ దగ్గర కారు ఆపాను. చియో ఆంటీ ఇస్త్రీబల్లని ఒక అద్దె వ్యాన్‌లోకి ఒంటరిగా ఎక్కిస్తోంది. తలెత్తి నన్ను చూసింది. దిగి ఒక చెయ్యి వేస్తే చాలు, రెండు నిమిషాల పని. నేను ఎర్రలైటు వంకే చూస్తూ కూర్చున్నాను. పచ్చలైటు పడింది. వెళ్ళిపోయాను. మర్నాడు వెళ్ళి అద్దంలోంచి లోపలికి చూస్తే, కార్పెట్ మీద మిషన్ కాళ్ళు నొక్కుకున్న నాలుగు గుంటలు ఉన్నాయి.

అమ్మకి నిజం చెప్పడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. ఆ రోజు అమ్మ మా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టాక కూడా చేతులు ఆపలేదు.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజే. పొరపాటున కోసినావిడ మరకలన్నీ ఏరుకుని గుండెల దగ్గర పెడుతుందా? లోపల కుట్టు చూశాను. ఎంత ప్రేమగా కుట్టిందో."

"మరి ఎందుకమ్మా ఊరుకున్నావు?"

"అంతమందిలో నా కొడుకు అబద్ధాలకోరని నేనే చెప్పుకోవాలా? నువ్వు నా పిల్లాడివి. ఆవిడ పరాయిది, ఎక్కడికైనా పోయి బతుకుతుందిలే అనుకున్నా." ఇంకో కాయ ఈనె లాగుతూ అంది. "ఆవిడ అలా వంగినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు చచ్చిపోయింది రా."

అప్పటిదాకా మోస్తున్నది నా ఒక్కడి తప్పే అనుకున్నాను. పంచుకునే మనిషి దొరికితే బరువు తగ్గుతుందంటారు. తగ్గలేదు. ఒక పిల్లాడి పిరికితనానికి చియో ఆంటీ బలైందని అనుకుంటే ఒక రకం. నిజం తెలిసిన పెద్దమనిషి కూడా చూస్తూ ఊరుకుందంటే ఇంకో రకం. అమ్మని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ పని ఆమె చేత చేయించింది నేనే.

ఈ మధ్య ఒక భోజనాల దగ్గర, అప్పటికి పుట్టనైనా పుట్టని ఒకమ్మాయి ఈ కథే మొదలుపెట్టింది. ప్లేటు పక్కన పెట్టి, ఆ పిల్లాడు నేనే అని చెప్పాను. జరిగిందంతా చెప్పాను. ఒకాయన "పోనీలెండి, చిన్నతనం" అని, పెరుగు ఎవరికి కావాలని అడిగాడు. కార్లో మా ఆవిడ, "అయితే ఆవిడని వెతకొచ్చు కదా, ఇప్పుడు ఎవరినైనా కనుక్కోవచ్చు" అంది.

వెతకాలని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. 'చియో' అని టైప్ చేసి ఆగిపోయాను. ఆ తర్వాత ఏం కొట్టాలో నాకు తెలియదు. ఆమె ఇంటిపేరు ఏమిటో, ఆ సైనికుడి పేరేదైనా పెట్టుకుందో నేనెప్పుడూ అడగలేదు. అమ్మని అడిగాను. తెలియదంది. ఆర్నెల్లకోసారి కొత్త జాకెట్టు కుట్టించుకున్న వసంత ఆంటీకి ఫోన్ చేశాను. "ఇంటిపేరా? ఆంటీ అనేవాళ్ళం కదా నాన్నా, పేరెందుకు?" అంది. మా అందరి ఒంటి కొలతలూ ఆమె పుస్తకంలో ఉండేవి. ఆమె గురించి మా దగ్గర ఉన్నది రెండక్షరాలే, అవి కూడా సరిగ్గా పలికానో లేదో.