నేల కింది నీళ్ళు

మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని మా వైపు పట్టింపు. అందుకే ఆ వేసవిలో ఇండియా నుంచి అమెరికాలో మేముండే క్యారీకి తిరిగి వస్తున్నప్పుడు, నాకు రెండో నెల అని మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. మాతోపాటే ప్రయాణం చేస్తున్న వాళ్ళ అక్కకు కూడా.

ఇస్తాంబుల్‌లో విమానం మారడానికి చాలా గంటలు ఆగాలి. రోమన్లు ఊరి నీళ్ళ కోసం నేల కింద కట్టిన పెద్ద తొట్టి ఉందట, చూసొద్దామని వదిన బయల్దేరదీసింది. వీధి పక్కన చిన్న తలుపు, లోపల కిందికి తడి రాతిమెట్లు. ఆ చీకటి చూసి మా మూడేళ్ళ పాప అడుగు వేయనంది.

"నువ్వు ఎత్తుకో అమ్మా, నా మోకాళ్ళ సంగతి తెలుసుగా," అంది వదిన.

మడిచిన స్ట్రోలర్, బ్యాగులు ఆయన దగ్గరున్నాయి. "ఉండు, నేను తీసుకుంటా," అంటూ వాటిని దించబోయారు.

"ఏరా, ఆ మాత్రం పిల్లని మోయలేదా మీ ఆవిడ? నేను ఇద్దర్ని వేసుకుని గ్రోసరీస్ కూడా మోసేదాన్ని," అని వదిన నవ్వింది.

వద్దని ఆయనకు కళ్ళతోనే చెప్పి పాపను ఎత్తుకున్నాను.

కింద ఎర్రటి దీపాల్లో వరసలుగా స్తంభాలు, వాటి మధ్య కదలని నీళ్ళు. పైనుంచి చుక్కలు మెడ మీద పడుతున్నాయి. నీళ్ళలో చేపలు కనిపించాయి.

"మమ్మీ, ఫిషెస్‌కి లైట్ లేదు. వాళ్ళకి వాళ్ళ మమ్మీ ఎలా కనపడుతుంది?" అంది పాప.

తిరిగి ఎక్కేటప్పటికి అది నా భుజం మీదే నిద్రపోయింది.

క్యారీ చేరిన నాలుగో రోజు రక్తం కనబడింది. స్కాన్ చేసిన డాక్టర్ స్క్రీన్ పక్కకి తిప్పేసింది. పిల్లను ఎత్తుకున్నందుకు ఇలా జరగదని రెండుసార్లు చెప్పింది. నేను మూడోసారి అడిగాను. ఇప్పటికీ ఇల్లు సద్దుమణిగాక ఆ మెట్లు ఒక్కొక్కటే మళ్ళీ దిగుతుంటాను.

ఉందని చెప్పనివాళ్ళకు పోయిందని ఎలా చెప్పాలి?

రెండు వారాల తర్వాత నేపర్‌విల్‌లోని తన ఇంటి నుంచి వదిన ఫోన్ చేసింది. ఇస్తాంబుల్‌లో తీసిన ఫోటోలు చూసిందట.

"ఆ నీళ్ళ దగ్గర ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో పొట్టని పట్టుకున్నావేంటి? అప్పుడే ఆకలేసిందా?"

చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అవును వదినా. ఫ్లైట్‌లో ఏమీ తినలేదు," అన్నాను.